ప్రకటనలు రాని ఇల్లు

నాకు ప్రకటనలంటే ఒళ్లు మంట. పేపరు తీస్తే మొదటి పేజీ నిండా అపార్టుమెంట్లు, టీవీ పెడితే సబ్బులు, ఫోను పట్టుకుంటే పేకాట. మన ఖర్మ అనుకుని ఊరుకుంటారు చాలామంది. నేను ఆదివారం ఆదివారం చర్చికి వెళ్లే మనిషినే అయినా ఖర్మ అనే మాట నా నోటినీ వదల్లేదు గానీ, ఊరుకునే గుణం మాత్రం నాకు లేదు. ఎచ్చెర్ల దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటూ ఉద్యోగమంతా గడిపాను. వైర్లు లాగడం, పిల్లలు పాడుచేసిన మెషీన్లు బాగుచేయడం, పాఠాల వేళ సినిమాల సైట్లు తెరుచుకోకుండా అడ్డుకట్టలు వేయడం నా పని. అలాంటివాడి ఇంట్లోకి, వాడి సొంత రౌటరు మీదుగానే ఎవడో దూరి రమ్మీ ఆడమని పిలుస్తుంటే కోపం రాదా మరి.

నేను రిటైరయిన ఏడాదే నా భార్య పోయింది. మాకు పిల్లలు లేరు. ఆమదాలవలసలో రైలుపట్టాలకి ఇవతల రెండు గదులు, ఒక వరండా ఉన్న ఇల్లు మాది. ఆవిడ పోయాక మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక రోజున షామియానా కింద జనం పట్టలేదు. పాస్టరుగారు వాక్యం చెప్పారు, ఆడవాళ్లు కీర్తనలు పాడారు, అందరూ భోంచేశారు. వెళ్తూ వెళ్తూ ఒక్కొక్కరూ నా చెయ్యి పట్టుకుని "మేమున్నాం" అన్నారు. ఉన్నారు, ఎవరిళ్లలో వాళ్లున్నారు. వాళ్లని తప్పుపట్టను. ఇలాంటి ఇళ్లకి నేను మాత్రం రెండోసారి ఎన్నడు వెళ్లాను గనక. కుర్చీలు టెంటుహౌసువాళ్లు ఆటోలో వేసుకుపోయాక ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను.

రావడం మానని మనిషి ఒక్కడే, మా బావ. నా భార్యకి అన్నగారు. నాకంటే పెద్దవాడు. మేమిద్దరం ఒకర్నొకరం బావా అనే పిలుచుకుంటాం, నువ్వు అనే అనుకుంటాం. ఈ ఊళ్లోనే రైసుమిల్లులో గుమస్తాగా చేసి ఇప్పుడు ఖాళీగా ఉన్నాడు. ఆయన భార్య అంతకుముందే పోయింది. కూతురు పెళ్లయి విజయనగరంలో ఉంటుంది. అంటే ఆయనా ఒంటికాయ సొంఠికొమ్మే, నాలాగే.

రోజూ ఎండ తగ్గేసరికి మా గేటు చప్పుడయ్యేది. చెప్పులు మెట్టుకింద విడిచి, వరండాలో ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, "నెట్టు ఉన్నాదేటి బావా" అనేవాడు. ఉన్నాది అనేవాణ్ణి. వాళ్లింట్లో సిగ్నలు సరిగా రాదని, మా వైఫై బాగుంటుందని ఆయన మాట. నేను టీ పెట్టి తెచ్చేలోగా ఫోనులో మునిగిపోయేవాడు. రంగురంగుల బిళ్లల్ని మూడేసి వరసలో పెడితే టపటప పేలిపోయే ఆట ఒకటి ఉంది, పిల్లలాట. మిల్లులో బస్తాల లెక్క పొరపాటు పోకుండా చూసిన మనిషి నాలిక కొస పళ్లమధ్య పెట్టుకుని మరీ ఆ బిళ్లలు జరిపేవాడు. చూస్తే నవ్వొచ్చేది.

ఒక్కో ఆట అవగానే ఒక ప్రకటన వచ్చేది. అర నిమిషం పాటు అది కదలదు, మనల్ని కదలనివ్వదు. అప్పుడు బావ ఫోను ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, తల ఎత్తేవాడు. ఎదురుగా నేనుండేవాణ్ణి. ఏదో ఒకటి చెప్పేవాడు. ఎక్కువగా చెల్లెలి గురించే చెప్పేవాడు.

"మాయమ్మ నూలు వడికీది కదా బావా పొందూరులో. దూది దువ్వడానికి వాలుగ సేప దవడ ఉంటాది, సన్నటి పళ్లు. అమ్మ సూడకండా సెల్లి అది తీసి దువ్వబోయి బొటనేలు కోసీసుకున్నాది. ఏడిస్తే అమ్మ తంతాదని ఏడవనేదు. రత్తం నా సొక్కాకి తుడిసీసింది. దెబ్బలు నాకు పడ్డాయి."

అంతే. ప్రకటన అయిపోయేది, కళ్లజోడు ముక్కు మీదికి దిగేది, తల వాలిపోయేది. తర్వాత ఏమైందో మర్నాడు చెప్పేవాడు, లేదా మరిచిపోయి ఇంకొకటి ఎత్తుకునేవాడు.

ఆ బొటనవేలి మీద తెల్లటి గీత నాకు తెలుసు. కత్తిపీట గాయం అనుకున్నాను. అన్నేళ్లు ఆ చేత్తో పెట్టింది తిన్నాను, ఇదేమిటని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు బావ చెబుతుంటే, నాకు తెలియని ఒక పిల్ల పరికిణీ ఎగదోపుకుని వరండాలోకి వచ్చి నిలబడేది. పొందూరు వీధుల్లో తిరిగిన ఆ పిల్లని చూసినవాళ్లు ఇక ఈ లోకంలో బావ తప్ప ఎవరూ లేరు. ఆయనకేమైనా అయితే ఆ పిల్ల కూడా పోతుంది. ఆ సంగతి తలుచుకుంటే నాకు నిజంగా భయం వేసేది. అందుకే పొద్దున్నించీ ఆ సాయంత్రం కోసం కాచుకుని కూచునేవాణ్ణి. ఎదురు ప్రశ్న మాత్రం వేసేవాణ్ణి కాదు. పోయిన భార్య గురించి ఆవిడ అన్నగారిని ఏమని అడుగుతాం, ఎక్కడ మొదలుపెడతాం. చెబితే వినేవాణ్ణి.

ఒకనాడు చెల్లెలి బాప్తిస్మం సంగతి ఎత్తుకున్నాడు. ఏట్లో పాస్టరుగారు ముంచబోయేసరికి ఈవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఏదో అందట. ఏమందో చెప్పబోతుండగా ఒళ్లోని ఫోనులో ఒక అమ్మాయి నగలు తాకట్టు పెట్టమని గొంతు చించుకుంది. బావ మాట వినపడలేదు. ఏమన్నావు అని నేను అడిగేలోపే ఆట మొదలైపోయింది. ఆయన కూడా విసుక్కున్నాడు. "ఇదేటి గోల బావా. కంప్యూటరోడివి, దీన్ని ఆపలేవేటి" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. పైగా నాకొక లెక్క కూడా తట్టింది. ఈ గోల లేకపోతే మనిషి నెమ్మదిగా, నిండుగా మాట్లాడతాడు కదా అని. అర నిమిషంలో ఇరికించి చెప్పేవాడు, తీరుబడి దొరికితే ఎంత చెబుతాడో అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పనిలో పడ్డాను. పొరుగూరివాడు ఎవడో వచ్చి ఫలానావారి ఇల్లెక్కడ అని కూడలిలో కిళ్లీకొట్టువాణ్ణి అడిగినట్టు, ఫోను కూడా ఏది తెచ్చుకోవాలన్నా ముందు దాని చిరునామా అడుగుతుంది. ఆ చిరునామా చెప్పేదాన్నే డీఎన్‌ఎస్ అంటారు. మామూలుగా ఆ ప్రశ్న నెట్టు కంపెనీవాళ్ల దగ్గరికి పోతుంది. నేను అటక మీది పాత ల్యాప్‌టాప్ దింపి, దుమ్ము దులిపి, ఆ కిళ్లీకొట్టు పని దానికి అప్పగించాను. ప్రకటనలు పంపే సర్వర్ల పేర్లన్నీ దానికి ఎక్కించాను. రౌటరు సెట్టింగుల్లోకి వెళ్లి, ఈ ఇంట్లో ఏ ఫోను ఏ చిరునామా కావాలన్నా దీన్నే అడగాలని పెట్టి, రౌటరు ఆపి మళ్లీ వేశాను. ఇక ఆ పేర్లలో ఏది అడిగినా 'అలాంటివాళ్లు ఈ ఊళ్లో లేరు' అని తిప్పి పంపేస్తుంది. ఒక్కో ఫోనులో ఒక్కో ఏర్పాటు అక్కర్లేదు. మా వైఫై పట్టుకున్న ప్రతిదానికీ అదే కట్టుబాటు. వీడియోల మధ్యలో వచ్చేవి మాత్రం దీనికి లొంగవు, అవి వీడియోతో పాటు ఒకే గుమ్మంలోంచి వస్తాయి. తక్కినవన్నీ పోయాయి.

వార్తల పేజీ తెరిచి చూశాను. ముగ్గు వెయ్యడానికి కడిగిన వాకిలిలా ఉంది. కీర్తనల యాప్ తెరిస్తే చరణం కింద బనియన్లు లేవు. "చూశావా" అని వంటింటివైపు తిరిగాను. అక్కడ ఎవరున్నారు చూడ్డానికి. లేచి అన్నం వండుకున్నాను.

సాయంత్రం బావ వచ్చాడు. మొదటి ఆట అయింది. ప్రకటన రాలేదు, వెంటనే రెండో ఆట మొదలైంది. బావ నావైపు చూసి, "గట్టోడివే బావా" అన్నాడు. నాకు ఛాతీ ఉప్పొంగింది. ల్యాబులో ఇన్నేళ్లు చేసినదానికి ఎవరూ ఆ మాట అనలేదు. ఇక చెబుతాడని కుర్చీ కాస్త దగ్గరికి లాక్కున్నాను.

బావ తల ఎత్తలేదు. రెండో ఆట అయ్యి మూడోది, మూడోది అయ్యి నాలుగోది. ఆటకీ ఆటకీ మధ్య ఊపిరి పీల్చుకునే సందు కూడా లేదు. టీ మీద మీగడ కట్టింది. పట్టాల మీద ఒక గూడ్సు నింపాదిగా వెళ్లిపోయింది. నేను ఎదురుగా కూచుని ఆయన బట్టతల చూస్తూ ఉండిపోయాను. ఉండబట్టలేక, "ఆ బాప్తిస్మం రోజున ఏటో అన్నాదన్నావు" అన్నాను. "ఉండు బావా" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆట ఆపమని ఎవరూ చెప్పనప్పుడు ఎవరాపుతారు.

మర్నాడూ అంతే. ఇంకో సంగతి కూడా గమనించాను గానీ పట్టించుకోలేదు. కాసేపు ఆడాక బావ ఫోను మీద ఒకేచోట మళ్లీ మళ్లీ నొక్కేవాడు. తర్వాత జేబులో పెట్టుకుని, "ఎల్తాను మరి" అని లేచేవాడు. ఇదివరకు దీపాలు పెట్టేదాకా ఉండేవాడు. ఇప్పుడు టీ తాగీ తాగకుండానే వెళ్లిపోయేవాడు. కొన్నాళ్లకి రావడమే మానేశాడు.

మొదట వంట్లో బాగోలేదేమో అనుకున్నాను. ఫోను చేశాను. "బాగానే ఉన్నాను. ఎండలు కదా. మీరెలగున్నారు" అన్నాడు. ఆయన నన్ను మీరు అన్నాడు. పెళ్లయిన కొత్తలో కూడా ఆ మాట అనలేదు. పెట్టేశాక చాలాసేపు ఫోను వంకే చూస్తూ కూచున్నాను. ఏం తప్పు చేశాను? టీలో పంచదార తక్కువైందా? ఏదైనా పరాకుగా అన్నానా? వెళ్లి అడగొచ్చు, రెండు వీధులే దూరం. కానీ పిలవని పేరంటానికి వెళ్లినట్టు వెళ్తే, ఆయన గుమ్మంలో నిలబడి మళ్లీ మీరు అంటే తట్టుకోలేననిపించింది.

ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే కష్టం. సాయంత్రమయ్యేసరికి గేటు వంక చూడకూడదనుకుంటూనే చూసేవాణ్ణి. ఇంట్లో చప్పుడు చేసేది ఆ పాత ల్యాప్‌టాప్ ఫ్యాను ఒక్కటే. అది రాత్రింబగళ్లు ఎవరెవరినో లేరు లేరని తిప్పి పంపేస్తూ ఉండేది. ఒక మధ్యాహ్నం క్రెడిట్ కార్డు తీసుకోమని ఒక అమ్మాయి ఫోను చేసింది. ఇదివరకైతే తిట్టి పెట్టేసేవాణ్ణి. ఆవేళ ఏ ఊరమ్మా మీది అని అడిగాను. పార్వతీపురం దగ్గరండి అంది. వానలు పడ్డాయా అన్నాను, పడ్డాయండి అంది. భోంచేశావా అని అడిగేసరికి పెట్టేసింది. ముసలాడికి మతి పోయిందనుకుని ఉంటుంది. అనుకోదూ మరి. నా మీద నాకే జాలేసింది, వెంటనే సిగ్గేసింది.

ఆ వారంలోనే ఒకరోజు సాయంత్రం కూరలకని బజారుకి వెళ్లి స్టేషను ముందునుంచి వస్తున్నాను. బయట చెట్టుకింద సిమెంటు బల్ల మీద బావ కనపడ్డాడు. పక్కన ఎవరో ప్రయాణికుడు, ఒళ్లో సంచీ పెట్టుకుని రైలు కోసం చూస్తున్నాడు. ముఖం తెలియని మనిషి. బావ ఒళ్లో ఫోను ఉంది, కళ్లజోడు నుదుటి మీద ఉంది. ఫోనులో ఎవరో ఇళ్ల స్థలాల గురించి అరుస్తున్నారు. ఆ అరుపు మీద బావ గొంతు. నేను వెనకనుంచి వచ్చాను గనక నన్ను చూడలేదు.

"పెళ్లిసూపులకొచ్చినాడండి ఆ కుర్రోడు. ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. ఎల్లిపోనాక మాయమ్మ, మూగోడికి పిల్లనివ్వను పొమ్మనీసింది. మా సెల్లి ఒప్పుకోనేదు. ఆడు కూకున్నప్పుడు తలుపెనకాల అది నాతోటి ఏటో సెప్తన్నాదండి. ఈ కుర్రోడు నోట్లో జంతిక పెట్టుకుని నమలడం మానీసినాడట. నమిల్తే కరకరమని సప్పుడవుతాది, దాని మాట ఇనపడదని. తలుపు సందులోంచి అది సూసీసింది. అమ్మా, నా మాట కోసం తిండాపీసినోడు మళ్లీ దొరకడు, నన్ను ఈడికే ఇచ్చీయండి, అన్నాది."

కూరల సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. జంతిక సంగతి నిజమే. మెత్తబడేదాకా బుగ్గన పెట్టుకుని కూచున్నాను. ఎవరూ చూడలేదనే అనుకున్నాను, అన్నేళ్లూ.

ప్రయాణికుడు మర్యాదకి నవ్వాడు. ఇంతలో ఆయన రైలు వస్తోందని మైకులో చెప్పారు, సంచీ భుజాన వేసుకుని లోపలికి పోయాడు. బావ కళ్లజోడు దించుకున్నాడు. నేను ముందుకొచ్చి ఆ ఖాళీలో కూచున్నాను. ఆయన తుళ్లిపడి, "మీరేటి ఇలగ" అన్నాడు.

"ఇంటికి రావడం మానీసినావేటి బావా" అన్నాను.

ఆయన ఫోను అటూ ఇటూ తిప్పాడు. "నెట్టు కట్టీసినావు కదా" అన్నాడు.

"ఎవరు కట్టీసినారు?"

"ఆటలో ప్రాణాలయిపోతే, ఇదివరకు ఒక బొమ్మ సూపించి ఇంకో ప్రాణం ఇచ్చీది. మీ ఇంట్లో నొక్కితే నెట్టు నేదు, నెట్టు నేదు అంటన్నాది. నీ ఫోనుకేమో ఉన్నాది. నా ఒక్కడికే కట్టీసినావు గావాల అనుకున్నాను." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "తప్పునేదు బావా. సెల్లి ఉన్నప్పుడు అది నా సెల్లి ఇల్లు. అది నేకపోనాక రోజూ వొచ్చి కూకుంటే నీకు మాత్రం ఎలగుంటాది. మొకమ్మీద సెప్పనేక అలగ సెప్పినావు అనుకున్నాను."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్కడే, ఆ బల్ల మీదే, కిళ్లీకొట్టు పోలిక చెప్పి మొత్తం వివరించాను. ప్రాణం ఇచ్చే బొమ్మ కూడా ప్రకటనేనని, దాని చిరునామా కూడా నా ల్యాప్‌టాప్ లేదని చెప్పేసిందని, అది నెట్టు పోవడం కాదని చెప్పాను. సగం అర్థమైనట్టు, సగం నమ్మినట్టు తలాడించాడు. "అయితే కట్టనేదా" అన్నాడు. కట్టలేదన్నాను. రేపే అది తీసేస్తానన్నాను.

అప్పుడు నాకొకటి తట్టింది. "మరి ఇక్కడ ఆటకి నెట్టెక్కడిది?"

"ఫోన్లోదే. మా పిల్ల రీచార్జి ఏయిస్తాది."

"మీ ఇంట్లో సిగ్నల్ రాదన్నావు."

బావ స్టేషనులోకి వచ్చిపోయే ఆటోలని చూస్తూ కూచున్నాడు. వరండాలో ఆ కుర్చీ లాక్కుని నెట్టు ఉన్నాదేటి అన్న అన్ని సాయంత్రాలూ ఆయనకి నెట్టు ఉంది.

"ఆ జంతిక సంగతి నాకెప్పుడూ సెప్పలేదేటి బావా" అన్నాను.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీకెందుకు సెప్తాను? తెలీనోడికైతే సెప్తారు గానీ. నీ పెళ్లామే కదా, ఇన్నేళ్లు కాపరం సేసినావు. అది నీకు సెప్పకండా ఉంటాదేటి."

చెప్పలేదు. మా ఇంట్లో ఆవిడ మాట్లాడేది, నేను వినేవాణ్ణి. ధరలు, చర్చి కబుర్లు, నా చొక్కా గుండీలు. ఆవిడ చెప్పినవన్నీ విన్నాను. ఆవిడ చెప్పనివి ఉంటాయని, అడిగితే తప్ప మనిషి చెప్పనివి చాలా ఉంటాయని నాకు తోచలేదు.

"నాకేటీ తెల్దు బావా" అన్నాను. "అది పుట్టిన కాడినుంచి సెప్పు."